మూడవ చేయి

నా వ్రాతబల్లమీద ఎల్లప్పుడును ఒక యినుప వస్తువు ఉండును. చూచుటకు గుఱ్ఱపు లాడమువలె నుండును గాని, లాడమునకుండు ఒయ్యారపు వంపు దానికి లేదు. ఒక భుజము కొంచెము వంకరపోయినది. రెండవ భుజమును తొలుచుకొని యొక లావుపాటి మరసీల లోనికి వచ్చియుండును. మా యింటికి వచ్చు పిల్లలు దానిని చేతబట్టుకొని, సీలను అటు నిటు త్రిప్పి, "ఇదేమిటి తాతగారూ?" అని అడుగుదురు. "వడ్రంగికి మూడవ చేయి" అని చెప్పుదును. వారు నవ్వుదురు. కాని యది నవ్వులాటకు చెప్పిన మాట కాదు.

రెండు చెక్కలకు బంక పూసి అతికింపవలెననుకొనుడు. బంక ఆరి గట్టిపడువఱకు ఆ రెండింటిని కదలకుండ అదిమిపట్టి యుంచవలెను. ఎంతసేపు? ఒక గంటయు కాదు, రెండు గంటలును కాదు. సాయంకాలము అతికించినచో మరునాటి యుదయము దాక. అంతసేపు పట్టి యుంచుట మనుష్యుల చేతులకు శక్యము కాదు. పూర్వము పశువుల తోళ్ళను, ఎముకలను కాచి తీసిన బంకయైనను, ఇప్పుడు డబ్బాలలో అమ్ము తెల్లని బంకయైనను, చెక్కలోని సన్నని రంధ్రములలోనికి దిగి యారిననే పట్టును. రెండు చెక్కల నడుమ సందు మిగిలినచో బంక ఆ సందులో దళసరి పొరగా ఎండి, పెళుసై, ఊడివచ్చును. ఊడిన బల్లను చూచి బంక మంచిది కాదని అంగడివానిని తిట్టుట మనకు పరిపాటి. చాలమాఱు తప్పు బంకది కాదు, పట్టుది.

ఈ బిగించు విద్యను నేను మొదట చూచినది బండిచక్రమునందు. నా బాల్యము నాగావళి యొడ్డున నొక పల్లెలో గడచినది. మా వీథి చివర వడ్రంగియు కమ్మరియు కలిసి ఎడ్లబండ్ల చక్రములు కట్టుచుండెడివారు. నడుమ బొడ్డు, బొడ్డులో దిగగొట్టిన ఆకులు, ఆకుల కొనలకు తొడిగిన పూటీలు - ఇన్ని చెక్కలును ఒక్కటియై యుండుటకు బంకయు చాలదు, మేకులును చాలవు. అందుచేత చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము చిన్నదిగా ఇనుప పట్టాను చేసి, దానిని పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, నలుగురు పటకారులతో మోసికొని వచ్చి, చక్రమునకు తొడిగి నీళ్ళు పోయుదురు. ఆవిరి మేఘమువలె లేచును. ఇనుము చల్లారి ముడుచుకొనుచుండగా చెక్కలన్నియు కిఱ్ఱుమని మూలుగుచు ఒకదానిలోనికొకటి దిగును. ఆ మూలుగు వినుటకై నేను బడి యెగవేసిన దినములు కలవు. ఐదడుగుల అడ్డుకొలత గల పట్టా ఐదువందల డిగ్రీల వేడి యెక్కినచో దాని చుట్టుకొలత ఒక యంగుళమునకు పైగా పెరుగునని తరువాత లెక్కవేసి తెలిసికొంటిని. పెరిగిన ఆ యంగుళమే చల్లారునప్పుడు చక్రమును ఇక విడువని పట్టుగా మారును.

చక్రమునకు కావలసినది శాశ్వతమైన పట్టు. బల్లకును కుర్చీకిని కావలసినది అట్టిది కాదు. అతుకు ఆరువఱకు గట్టిగా పట్టి, ఆరిన వెంటనే విడిచిపోవలెను. అట్టి పట్టు నాకు అవసరమైనది నా యేబది యెనిమిదవ యేట.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ. శరన్నవరాత్రులు ఆరంభమైన మరునాడు. నేనప్పుడు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమున, సముద్రమునకు సమీపముననున్న యొక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను. ఉద్దానమనగా ఉద్యానమే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేల యది. ఆనాటి వేకువజామున తిత్లీ అను తుపాను పలాస సమీపమున తీరమును దాటినది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. తెల్లవాఱుసరికి లక్షల కొలది కొబ్బరిచెట్లు నేలగూలి యుండెను. తాత నాటిన చెట్టు మనుమని కన్నులయెదుట పడిపోయెను.

మా పాఠశాలలో రెండు గదుల బంగాళాపెంకుల కప్పు దూలములతో సహా కూలి బల్లలమీద పడెను. తక్కిన గదులలో ఇండ్లు పోయినవారు తలదాచుకొనిరి. వంటచెఱకంతయు తడిసి పోయినందున విఱిగిన బల్లల చెక్కలు కొన్ని పొయ్యిలోనికి పోయినవి. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. జనము ఇండ్లకు మరలి, బడి తిరిగి తెఱచిన దినమున లెక్కించితిని. విఱిగిన బల్లలు నలువదియాఱు. కాళ్ళు ఊడినవి కొన్ని, పలక నిలువున చీలినవి కొన్ని. క్రొత్త బల్లలకై పైవారికి వ్రాసితిని. నెలలు పట్టునని సమాధానము వచ్చెను. పదవ తరగతి పిల్లలు నేలమీద కూర్చుండి, ఒడిలో పుస్తకము పెట్టుకొని, నడుము వంచి వ్రాయుచుండిరి. మార్చిలో పరీక్షలు.

బాగుచేయుదమని పూనుకొంటిమి. ముందు మేకులు కొట్టితిమి. ఎండి పెళుసైన చెక్క మేకు దిగగానే మఱల చీలెను. తరువాత బంక పూసి, పైన బండరాళ్ళు పేర్చితిమి; రాయి క్రిందికి అదుమును గాని ప్రక్కలనుండి అదుమునా? పిమ్మట త్రాటిని రెండు పేటలుగా చుట్టి, నడుమ కఱ్ఱ దూర్చి, మెలిపెట్టి బిగించితిమి. ఇది కొంత మేలు. కాని రాత్రికి త్రాడు సాగి, తెల్లవాఱుసరికి వదులై యుండెను. పలాస బజారులో విచారించితిని. ఆ దినములలో అంగళ్ళన్నియు రేకులకు, టార్పాలిన్లకు, క్రొవ్వొత్తులకు వచ్చిన జనముతో క్రిక్కిఱిసి యుండెను. క్లాంపు అన్నచో వినిపించుకొనువాడే లేడు.

అప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "మా తాత కమ్మరండి, మేష్టారూ" అనెను.

ఆ సాయంకాలము వాని వెంట పోయితిని. వసారాలో మంచముమీద ఒక వృద్ధుడు పండుకొని యుండెను. కొలిమి ఆరి మూడేండ్లైనదట. ఉద్దానమును పట్టి పీడించుచున్న మూత్రపిండముల వ్యాధి ఆయనకును వచ్చినది. రక్తశుద్ధికై వారమునకు రెండుమాఱులు ఆసుపత్రికి పోయి రావలెను. తుపాను మరునాడు చెట్లు పడి దారులు మూసికొనిపోగా, నలుగురు ఆయనను మంచముతోనే మోసికొనిపోయి రోడ్డు చేర్చిరట. అట్టివానిని సమ్మెట యెత్తుమని యెట్లు అడుగుదును? ఊరక పలుకరించి వత్తమనుకొంటిని. కాని మాటలలో బల్లల సంగతి వచ్చినది. ఆయన లేచి కూర్చుండి, నేలమీద వ్రేలితో లాడమువంటి బొమ్మ గీసి, "ఇలాటిదేటి బాబూ మీకు కావాల్సింది? దీన్ని బిగింపంటాం. సేతులు మీ కుర్రోళ్లవి, మాట నాది. సేయిత్తాను" అనెను.

ఆయన పలుకును నేను గ్రాంథికమునకు మార్చి వ్రాయను. పండితుని కలము తన యలవాటు మానదు గాని, పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి జిల్లావాడనై యుండి కమ్మరి నోటి మాటను దిద్దుటకు నాకు సిగ్గు. నిజమునకు క్లాంపునకు తెలుగేమియని నేనప్పటికి నాలుగు దినములుగా నిఘంటువులు తిరుగవేయుచు, దృఢబంధకమనియు సంధానకమనియు ఏవేవో కూర్చుకొనుచుంటిని. బిగింపు అను మాట ఆ మంచముమీద నుండెను.

కొలిమి మరల వెలిగినది. ఊరికి కరెంటు లేదు; చాల దినములు రాలేదు. కనుక వెల్డింగు అను మాట తలపవలసిన పనియే లేదు. చేతితో త్రిప్పు పంకా, కొబ్బరిచిప్పలు కాల్చిన బొగ్గులు, దాగలి, సమ్మెట, పటకారు, ఆకురాయి - ఇంతే. ఇనుమునకు కొఱత లేదు. గాలికి ఊడిపడిన బడిగేటు పట్టీలు అంగుళమున్నర వెడల్పు, అంగుళములో మూడెనిమిదవ పాళ్ళ మందము గలవి దొరకినవి. పదునాఱు అంగుళముల ముక్కను కోసి, రెండుచోట్ల ఎఱ్ఱగా కాల్చి, దాగలి కొమ్ముమీద వంచినచో మూడు ప్రక్కల చట్రమగును. నాల్గవ ప్రక్క తెఱపి. నోరు ఆఱంగుళములు, భుజములు నాలుగున్నర. ఒక భుజము కొనను ఎఱ్ఱగా కాల్చి, సూదివంటి మొనగల ఉక్కుకమ్మితో తూటు పొడిచి, అరంగుళపు మరసీల పట్టునంతగా ఆ తూటును పెద్దది చేయవలెను. ఇంతవఱకు బాలురు రెండు దినములలో నేర్చికొనిరి. నా పెత్తనము తరువాత మొదలైనది.

మరసీల తిరుగుటకు నట్టు కావలెను గదా. నట్టును భుజమునకు వెలుపలి ప్రక్క నుంచి, చుట్టును ఉలితో ఇనుమును లేపి అదిమించితిని. చూచుటకు చక్కగా నుండెను. చెక్కను నడుమ నుంచి సీలను త్రిప్పితిమి. నాలుగు చుట్లు తిరిగెనో లేదో నట్టు టక్కున ఊడి నేలబడెను. మంచముమీది ముసలాయన నవ్వి, "నట్టు బయట ఎట్టీసినారేటి బాబూ? సీల ముందుకు తోస్తే నట్టు ఎనక్కి పోదా? లోపల ఎట్టండి" అనెను.

బాలలారా, ఈ చిన్న మాటను ఒక నిమిషము ఆలోచింపుడు. సీల చెక్కను ఎంత బలముతో ముందుకు నెట్టునో చెక్కయు సీలను అంత బలముతోనే వెనుకకు నెట్టును. న్యూటను మూడవ సూత్రమని మీరు చదువునది యిదియే. ఆ వెనుకత్రోపు నట్టుమీద పడును. నట్టు వెలుపల నున్నచో ఆ త్రోపు దానిని భుజమునుండి ఊడదీయును. లోపల నున్నచో అదే త్రోపు దానిని భుజమునకు అదిమి నొక్కును. ఎంత బిగించిన అంత గట్టిగా కూర్చుండును. వెల్డింగుతో పని లేదు. భుజమును మరల కాల్చి, ఆ యెఱ్ఱని ఇనుముపై పాత నట్టొకటి పెట్టి ఒక్క సమ్మెటదెబ్బ కొట్టినచో ఆఱు మూలల గుంట పడును. ఆ గుంటలో క్రొత్త నట్టు తిరుగక నిలుచును. వదులుచేయునప్పుడు జాఱిపడకుండ అంచున రెండుచోట్ల ఉలితో ఇనుమును కొంచెము లేపి వంచినచో చాలును. బి.ఎ. చదివిన నాకు తోచనిది, బడి గడప తొక్కని ఆయనకు అరువదియేండ్ల క్రిందటనే తోచినది.

సీల తలకు అడ్డముగా వేడిమీద తూటు పొడిచి, అందులో ఎనిమిదంగుళముల కమ్మి దూర్చితిమి. అదియే పిడి. ఈ పిడివలన కలుగు బలమును లెక్కవేసి పిల్లలకు చూపితిని. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు అను యంత్రశిల్పి 1841లో మరసీలల చుట్లకు ఒక కట్టుబాటు ఏర్పఱచెను. దాని ప్రకారము అరంగుళపు సీలకు అంగుళమునకు పండ్రెండు చుట్లు. అనగా పిడిని ఒక చుట్టు త్రిప్పినచో సీల అంగుళములో పండ్రెండవ పాలు మాత్రమే జరుగును. పిడి కొన ఆ చుట్టులో నడచునది రమారమి ఇరువదియైదంగుళములు. కనుక చేతిబలము మూడువందల రెట్లు కావలెను. కాదు, అందు పెద్ద పాలును రాపిడి మ్రింగివేయును. మా లెక్కల మాష్టారు ఇది నష్టమనిరి. నేనొప్పుకొనలేదు. ఆ రాపిడి లేకున్నచో, మనము పిడి విడిచిన మఱుక్షణమే సీల వెనుకకు తిరిగి వదులైపోవును. రాత్రియంతయు ఎవరును పట్టుకొనకయే అది పట్టి యుండుటకు కారణము ఆ మ్రింగిన పాలే.

ఇంకొక ముచ్చట. బాలుడొకడు ఎక్కడనో లాఱీ కమానుపట్టీ ముక్క సంపాదించి, గేటుపట్టీకంటె ఇది గట్టిదని దానితో చట్రము వంచి, ఎఱ్ఱగా నుండగనే నీటితొట్టిలో ముంచెను. బుస్సుమని చల్లారినది. బిగింపగానే మూలవద్ద గాజువలె ఫెళ్ళున విఱిగెను. ఉక్కులో బొగ్గుపాలు ఎక్కువ. ఎఱ్ఱని ఉక్కును నీట ముంచినచో బిరుసై పెళుసగును. కత్తికి ఆ గుణము కొంత కావలెను, బిగింపునకు పనికిరాదు. మెత్తని ఇనుము కొంచెము వంగునే గాని విఱుగదు. నా బల్లమీది దాని వంకర భుజము అట్లు వంగినదే.

కఱ్ఱ విషయమున ఊరివారికిని మాకును కొంత వాదము జరిగినది. ఇన్ని పనసచెట్లు పడియుండగా బల్లలకు కఱ్ఱ కఱవా యని వారి మాట. మా ఉత్తరాంధ్రమున పనసకఱ్ఱకు గౌరవము బొబ్బిలి వీణవలన వచ్చినది. బొబ్బిలి దగ్గఱ గొల్లపల్లి శిల్పులు ఒక్క పనసదుంగనుండి కుండయు దండియు కలిపి తొలుతురు. ఏకాండి వీణ యని పేరు. కుండకును దండికిని నడుమ అతుకే లేదు. బడిబల్లకు ఆ భాగ్యము లేదు. అది యంతయు అతుకులే. పచ్చికఱ్ఱతో అతికినచో కఱ్ఱ ఆరి ముడుచుకొనినప్పుడు అతుకు విచ్చును. అంగుళము మందము గల పలక నీడను ఆరుటకు రమారమి ఒక యేడు పట్టునని వడ్రంగుల లెక్క. కావున కూలిన కప్పునుండి తీసిన పాత దూలములనే కోసి వాడితిమి. సీల కొన చెక్కలోనికి దిగి గుంట చేయకుండ నడుమ ఒక చెక్కపేడు ఉంచుట మఱవలేదు.

ఏడు బిగింపులు సిద్ధమైనవి. బల్లకు రెండు చొప్పున, సాయంకాలము మూడు బల్లలు అతికించి, తాళము వేసి, ఉదయము విప్పుచుంటిమి. "తెల్లారేదాకా ఒగ్గీకండి" అని ముసలాయన యాజ్ఞ.

ఆ యాజ్ఞను మీఱినవాడను నేనే. ఒకనాడు, మరుసటి దినము పై యధికారి యొకరు పాఠశాలను చూడ వత్తురని కబురు వచ్చెను. అప్పటికి ఇరువది బల్లలు లేచినవి. మఱి మూడైనను గదిలో కనబడిన బాగుండునని నాకు ఆశ పుట్టెను. సాయంకాలము అతికించిన వానిని రెండు గంటలకే విప్పించి, ఆ బిగింపులను వేఱు బల్లలకు తగిలింపుమంటిని. "తాత ఒగ్గద్దన్నాడండి" అని కమ్మరి మనుమడు మెల్లగా అనెను. "నాకు తెలియునులే" అంటిని. అధికారి రానేలేదు. మరునాడు మూడవ పీరియడులో ఒక బల్లకాలు ఊడి ముగ్గురు బాలికలు క్రిందపడిరి. ఒకతె కుడిచేయి మణికట్టు వాచిపోయెను. ఎముక విఱుగలేదు గాని మూడు వారములు కలము పట్టరాదనిరి. పదవ తరగతి బాలిక.

సాయంకాలము ఆమె తండ్రి వచ్చెను. కొబ్బరితోట అంతయు పోయినవాడు. ఏమైన అన్నచో పడుదమని లేచి నిలుచుంటిని. ఆయన తువాలు చేతిలోనికి తీసికొని, "మా పిల్ల కుదురుగా కూకోనేదేమో బాబూ" అనెను. తప్పు నాదని నేను చెప్పితిని. ఎన్నిమాఱులు చెప్పినను ఆయన నమ్మలేదు. మేష్టరు తప్పుచేయునని ఆయనకు తోచలేదు. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

కమ్మరికి కూడ నేనే పోయి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, "ఏ సెయ్యి?" అని అడిగెను. "కుడి" అంటిని. కొంతసేపటికి, "ఇంకో నాలుగు సేయించండి బాబూ. సాలకపోతేనే గదా తొందర" అనెను.

నాలుగును చేయించితిమి. మొత్తము పదునొకండు. ఆ బాలికకు ఆ మూడు వారములును ప్రక్క బల్లవారు వంతులువేసికొని పాఠములు వ్రాసియిచ్చిరి. తెలుగు పాఠములు మాత్రము నేను వ్రాసితిని. సంక్రాంతి సెలవుల నాటికి నలువదియాఱింటిలో నలువదియొక బల్ల లేచినది. తక్కిన ఐదును బాగుపడు స్థితిలో లేవు. మార్చిలో ఆమె తన కుడిచేతితోనే పరీక్ష వ్రాసెను. క్రొత్త బల్లలు మఱు సంవత్సరము వచ్చినవి. వచ్చినప్పుడు పిల్లలు వానివంక చూచి, బరువు తక్కువయని పెదవి విఱిచిరి.

ముసలాయన 2020లో కాలము చేసెను. నేను పదవీ విరమణము చేసిన యేడును అదే. మనుమడు ఇప్పుడు పలాసలో వెల్డింగు దుకాణమున పనిచేయుచున్నాడు. తన పనికి కావలసిన బిగింపులు తానే చేసికొనును, నట్టును మాత్రము లోపలి ప్రక్కనే పెట్టును, వెల్డింగు చేయగలిగియు. వీడ్కోలు నాడు బడిపిల్లలు నాకు శాలువతోపాటు ఈ వంకర బిగింపును కూడ ఇచ్చిరి.

ఈ మధ్య దానికి క్రొత్త పని దొరకినది. నా యొద్దనున్న శబ్దరత్నాకరపు ప్రతి వెన్ను విడిపోయి, పుటలు రాలుచున్నవి. నిన్న సాయంకాలము వెన్నునకు బంక పూసి, ఇరుప్రక్కల రెండు పలకలు చేర్చి, ఈ బిగింపు తగిలించితిని. నడిరాత్రి లేచి చూచితిని, ఆరినట్లే యుండెను. విప్పలేదు. దీపమార్పి పండుకొంటిని.